పొట్టేలు మాది, సంత కంపెనీది

మా నాయన అకౌంటును కంపెనీ మూసేసిన రోజు మా ఇంట్లో కళ్లకు కనపడిన నష్టం ఒక గిన్నెడు పప్పు. అమ్మ పొయ్యి వదిలేసి వచ్చి ఫోన్లోకి తొంగిచూస్తుంటే అది మాడిపోయింది.

రాచర్ల దగ్గర మాకు కొంచెం మెట్ట పొలం, ఒక గొర్రెల మంద ఉన్నాయి. నేను మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. కంప్యూటర్ ముందు కూర్చునేవాడు ప్రపంచంలోని కంప్యూటర్ కంపెనీలన్నిటికీ జవాబుదారీ అని మా ఇంట్లో లెక్క. సిగ్నల్ పోయినా నేనే కారణం, ఫోన్లో అడ్డదిడ్డమైన అడ్వర్టైజ్‌మెంటు వచ్చినా నేనే కారణం. ఆ శుక్రవారం నేను ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగానే నాయన మొదలుపెట్టినాడు.

"రేయ్, మీవోళ్లు నన్ను తీసేసినారు."

"మావోళ్లు ఎవరు నాయనా?"

"ఆ ఫోటోల కంపెనీవోళ్లు."

అది చుట్టాలకు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పుకోవడానికి పుట్టిన యాప్. తర్వాత దాంట్లోనే ఒక బజారు కూడా తెరిచినారు. నాయన పొట్టేళ్ల ఫోటోలు పెడతాడు, ఎక్కడెక్కడి వాళ్లో అడుగుతారు, మాట కుదిరితే బండి తెచ్చుకొని తోలుకుపోతారు. యాప్ మాత్రం ఎవరి నంబరూ ఎవరికీ చూపించదు. ఇద్దరూ నేరుగా మాట్లాడుకుంటే మధ్యలో తనకు పనేముంటుంది? నంబర్లు అడిగి రాసిపెట్టుకోమని నేను ఎప్పుడో చెప్పినాను. "దేశాలన్నీ నమ్మిన కంపెనీ. రాచర్లోడు నమ్మితే తప్పొచ్చిందా?" అన్నాడు.

ఇప్పుడు ఆ కంపెనీ నుంచి ఒక నోటీసు వచ్చింది. ప్రాణమున్న జంతువులను అమ్మడం మా నియమాలకు విరుద్ధం, కాబట్టి మీ అకౌంటు మూసేస్తున్నాం అని దాని సారాంశం. చదివి వినిపించినాను.

"ప్రాణం లేని గొర్రెను ఎవడు కొంటాడు రా?" అన్నాడు నాయన.

నోటీసును ఇంకోసారి కిందిదాకా చదివినాను. ఆ సంగతి దాంట్లో రాయలేదు.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. నవ్వు ఎక్కడ ఆగిందంటే, నోటీసుకు ముందే, దర్శి దగ్గర సొంత మంద ఉన్న ఒకాయన విత్తనం పొట్టేలు కోసం వెతుకుతూ నాయన ఫోటో చూసినాడు. మా మందలో అన్నిటికన్నా మేలైనది, కళ్ల కింద నల్లచారలున్నది, దాన్ని అడిగినాడు. ఆదివారం బండి తెచ్చుకొని వస్తాను, చూసి ధర మాట్లాడుకుందాం, అంతవరకు ఎవరికీ ఇవ్వొద్దు అన్నాడు. "అది నీదే అన్నా" అని నాయన వాయిస్ మెసేజి పెట్టినాడు. ఊరు ఎక్కడ, దారి ఎట్ల అనేది శనివారం చెప్పుకుందామనుకున్నారు. ఇప్పుడు ఆ ముచ్చటంతా మూతపడిన అకౌంటులో ఉంది. అవతలాయనకు కనపడేది ఒకటే: మాటిచ్చినోడు మాయమైనాడు.

"నేను దొంగనని అనుకుంటాడు రా," అన్నాడు నాయన. మా నాయన ఎండకు పైరు పోయినప్పుడు కూడా అంత చిన్న గొంతుతో మాట్లాడలేదు.

అప్పీలు పెట్టుకోవచ్చని నోటీసు కింద ఉంది. పెడితే, మీరు మీరేనని రుజువుకు ముఖం ఫోటో పంపండి అన్నారు. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకొని దొడ్లోకి పోయి తానే ఫోటో తీసి పంపినాడు. తర్వాత చూస్తే ఫోటోలో నాయనతో పాటు పొట్టేలు కూడా ఉంది, చెంపకు చెంప ఆనించి.

"దాన్నెందుకు పెట్టినావు నాయనా?"

"గొడవంతా దాని గురించే గదా. దాన్ని కూడా చూడనీ."

ముఖాన్ని గుర్తించలేకపోయామని జవాబు వచ్చింది. "రెండు ముఖాలు పంపితే ఒకటి కూడా గుర్తుపట్టలేదా!" అని నాయన ఆశ్చర్యపోయినాడు. ఈసారి నేను నాయనను ఒక్కణ్ణే నిలబెట్టి తీసినాను. కాసేపటికి, పరిశీలించాం, మా నిర్ణయంలో మార్పు లేదు అని వచ్చింది.

"పరిశీలించినోని నంబరియ్యి. నేను మాట్లాడతా."

"మనిషి కాదు నాయనా, మిషను."

"మిషన్‌కు ఈ రూలు చెప్పినోడు ఒకడుంటాడు గదా, వాడు."

"వాడెక్కడుంటాడో మిషన్‌కు కూడా తెలియదు."

శనివారం పొద్దున గిద్దలూరు నుంచి పల్లెలన్నీ తిరిగే జీవాల వ్యాపారి వచ్చినాడు. ఊర్లో ఎవరింట్లో పప్పు మాడినా ఈయనకు ముందు తెలుస్తుంది.

"ఏం మామా, దర్శి ఆయన కోసం పొట్టేలుకు కాపలా కాస్తుండావంట? నాకు తోలియ్యి, మంచి ధర ఇస్తా."

"మాటిచ్చినా."

"ఫోన్లో ఇచ్చినావు, ఫోన్లోనే పోయింది. నీ తప్పేముండాది?"

"నోటితో ఇచ్చినా. నోరింకా ఉండాది గదా."

"ఆ నోరుండబట్టే ఇన్ని తిప్పలు," అని లోపలి నుంచి అమ్మ అందుకుంది. "ముఖం కూడా చూడని మనిషికి మాటేందయ్యా? రేపు ఆయన రాకుంటే, ఈయన సగం ధరకు అడుగుతాడు."

"అత్త సరిగ్గా చెప్పింది," అన్నాడు వ్యాపారి, ఏ మాత్రం సిగ్గుపడకుండా. రేపు సాయంత్రం మళ్లీ వస్తానని బండెక్కినాడు.

నాకు పెద్ద కంపెనీల మీద ఉపన్యాసం ఇవ్వడం రాదు. ఇది రాస్తున్న ఫోనూ వాళ్లదే. వాళ్లలో వాళ్లు కోర్టుల్లో, పోటీకి అడ్డుపడుతున్నావంటే నువ్వే అడ్డుపడుతున్నావని తిట్టుకుంటుంటే ఆ వార్తలు శ్రద్ధగా చదువుతాను. ఇద్దరి మాటా నమ్మబుద్ధి అవుతుంది. నా కోరిక చిన్నది. గిద్దలూరు సంతలో ధర నచ్చకపోతే మేము మందను మార్కాపురం వైపు తోలుకుంటాం. ఈ గొర్రెలు మా సంతలో నిలబడినాయి కాబట్టి ఇక్కడే ఉండాలని సంతవాడు తాడు పట్టుకోడు. కొన్నవాళ్ల పేర్లు మరిచిపొమ్మని మమ్మల్ని అడగడు. ఇదే పని ఫోన్లో కుదరదంటే, అది కొత్త సంత కాదు, పట్టుకొచ్చిన పశువులను కట్టిపడేసే బందెలదొడ్డి.

ఇది జరగని పనేమీ కాదు. నా చిన్నప్పుడు సిమ్ కంపెనీ మారాలంటే నంబరు వదులుకోవాల్సి వచ్చేది. ఆ భయంతోనే చెడ్డ సిగ్నల్‌ను భరిస్తూ నాయన మిద్దెక్కి మాట్లాడేవాడు. తర్వాత, కంపెనీ మారినా నంబరు నీదేనని రూలు వచ్చింది. కంపెనీలు మునిగిపోలేదు, నాయన మిద్దె దిగినాడు. ఈ సిమ్ నుంచి ఆ సిమ్‌కు ఫోన్ పోతుంది. ఈ యాప్ నుంచి ఆ యాప్‌కు మాత్రం ఇప్పటికీ నమస్కారం కూడా పోదు. ఏదో ఒకనాడు పోతుందనే నా నమ్మకం. అయితే మాకు అది ఆదివారం లోపల కావాలి.

అందుకని నా అకౌంటులో దర్శి ఆయన పేరు కొట్టి వెతికినాను. ఆ పేరుతో దర్శిలో మనుషులకు కొదువ లేదు. ఎక్కువమంది ఫోటోలకు బదులు దేవుళ్లున్నారు. ఒకదాంట్లో పూలదండ వేసిన ఎర్ర ట్రాక్టరు ఉంది.

"ఇదే!" అన్నాడు నాయన. "ఈ ట్రాక్టరుతోనే నేను మాట్లాడింది."

మెసేజి రాసినాను: "అన్నా, నేను రాచర్ల పొట్టేలు ఆయన కొడుకును. మా నాయన అకౌంటు పోయింది. ఇకమీద నాతో మాట్లాడండి." పంపినాక చదువుకుంటే నా మీద నాకే అనుమానం వచ్చింది. మధ్యాహ్నం దాటినాక జవాబు వచ్చింది.

"మీ నాయనకు యాక్సిడెంటు కూడా అయ్యిందా తమ్ముడూ? అర్జెంటుగా డబ్బులేమన్నా పంపాల్నా?"

ఆ మనిషి మీద నాకు వెంటనే గౌరవం పుట్టింది. నేనైనా అదే రాసేవాణ్ణి. నిజం చెప్పేవాడికీ మోసం చేసేవాడికీ ఒకే బట్టలు తొడిగి పంపే చోట, అనుమానపడటం మర్యాద కిందికే వస్తుంది. వీడియో తీస్తాం చూడమన్నాను. నాయన దొడ్లో ఓటరు కార్డు ఫోటోకు నిలబడినట్టు బిగుసుకొని నిలబడినాడు.

"అన్నా, నేనే. నన్ను తీసేసినారు. పొట్టేలు ఉండాది. నీదే."

అంతే మాట్లాడినాడు. నేను ఇంకా ఏదన్నా చెప్పమంటే, ఇంకేముంది చెప్పడానికి అన్నాడు. ఆ వీడియోతో నా అకౌంటు కూడా పోతుందేమోనని కొంచెం భయపడినాను. పోలేదు. శనివారం మిషన్‌కు ఒంటిపూటేమో.

ఈసారి జవాబులో ఫోన్ నంబరు ఉంది. కింద, "గొంతు విన్నాక గుర్తుపట్టినా" అని ఉంది. నాయన వెంటనే ఫోన్ చేసి, ఫోన్ లేకున్నా దర్శికి వినపడేంత గట్టిగా దారి చెప్పినాడు. ఆ సంతోషంలోనే ఇంకో కంపెనీ యాప్‌లో తన పేరున అకౌంటు తెరవమన్నాడు. "వీని దగ్గర మాట పోతే వాని దగ్గరన్నా ఉండాల. ఇద్దరూ భయంగా ఉంటారు," అన్నాడు. రాచర్లలో ఒక అకౌంటు పెరిగితే వాళ్లకు ఎంత భయం పుడుతుందో గానీ, ఆలోచన మాత్రం సరైనది. పొట్టేలు ఫోటో కింద మా నంబరు పెద్ద అక్షరాల్లో వేసినాను.

ఆదివారం ఆయన చిన్న ట్రాలీ ఆటోలో వచ్చినాడు. ట్రాక్టరు కన్నా సన్నగా ఉన్నాడు. పొట్టేలు నోరు తెరిచి పళ్లు చూసినాడు, వెన్ను తడిమినాడు, కాళ్లు చూసినాడు. అమ్మ టీ ఇచ్చింది. తర్వాత ఆయన భుజం మీది తువ్వాలు తీసి తన చేతి మీద, నాయన చేతి మీద కప్పినాడు. సంతల్లో పెద్ద బేరాలు ఇట్లనే జరుగుతాయి. తువ్వాలు కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటే ఎన్ని వేళ్లో అంత ధర. పక్కనోళ్లకు తెలియదు.

తువ్వాలు కదిలింది. నాయన తల అడ్డంగా ఊపినాడు. మళ్లీ కదిలింది. ఆయన నవ్వినాడు. నేను ఒక అడుగు ముందుకు వేసి మెడ సాచినాను.

"నీకేం పని రా ఇక్కడ?" అన్నాడు నాయన, తువ్వాలు ఇంకొంచెం దగ్గరికి లాక్కుంటూ.