బడి పంపు దగ్గర వరుస

1987 ఫిబ్రవరి. మిర్యాలగూడ అవతల, ఎడమ కాలువ నీళ్లు ఎక్కని ఒక మెట్ట ఊరు. బడి ఆవరణలో ఉన్నవి: ఎండిన చేతిపంపు ఒకటి, పదడుగుల పైపులు రెండు, పైపు రెంచీలు, మా జీపు. ఉన్నవాళ్లు: ఇద్దరు ఫిట్టర్లు, హెడ్మాస్టరు, ఏడో తరగతి చదివే సైదమ్మ, నేను. ఐటీఐ ముగించి చేతిపంపుల మెకానిక్‌గా చేరి అప్పటికి రెండేళ్లు.

ఆ రెండేళ్లూ వానలు లేవు. ఊళ్లోని మూడు పంపులూ ఆగిపోయాయి. పైపుల చివర నీళ్లలో మునిగి, నీటిని పైకి తోసే భాగాన్ని సిలిండర్ అంటాం. బోరులో మట్టం దానికన్నా కిందికి దిగింది. సిలిండర్‌ను ఇంకా లోతుకు దించాలంటే పైపులు కలపాలి. నా దగ్గరున్నవి ఒక్క పంపుకే సరిపోతాయి. ఏ పంపుకో నేనే తేల్చాలి.

"ఆడపిల్లలు వాగుకాడి బాయికి పోతున్నరు తమ్మీ. వచ్చేసరికి బడి ఖతం," అన్నాడు హెడ్మాస్టరు. "ఈ పిల్ల జర కూసుంటే పాసైతది. ఏప్రిల్ల ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష. బడి పంపుకే బిగించు."

నీళ్లు బడిలో ఉంటే పిల్లలూ బడిలోనే ఉంటారు. నా లెక్క అదే. బిగించాం, నీళ్లు పడ్డాయి. సైదమ్మ దోసిట పట్టి తాగి, "ఉప్పగున్నయి సారూ. అయినా మంచిగున్నయి," అంది.

మూడు వారాల తర్వాత వాషర్లు మార్చడానికి వెళ్లాను. ఆవరణ నిండా బిందెలు. బోరు పన్నెండు బిందెలు ఇచ్చి, మళ్లీ ఊరడానికి గంట తీసుకుంటోంది. బిందెను వదిలిపోతే వెనక్కి జరిపేస్తారు కాబట్టి పక్కన మనిషి ఉండాలి. పెద్దలు కరువు పనికి పోయి రోడ్డు మీద మట్టి మోస్తున్నారు. బిందెల పక్కన ఉన్నది ఆడపిల్లలు. సైదమ్మది ఇరవై మూడో బిందె. తరగతి కిటికీ అక్కడికి పదడుగులు.

"లోపలికి పోరాదూ?" అన్నాను.

"నిన్న పోయిన సారూ. బిందెను ఎనకకు నూకిన్రు. ఇంట్ల బువ్వ వండలే."

పని నుంచి వచ్చిన ఆమె తల్లి లింగమ్మనూ అడిగాను.

"బడికే గద తోలిన. గీడనే ఉన్నది," అంది. "పంపు నువ్వేసినవ్. నిలవడేది ఎవలు? మీ అమ్మొస్తదా?"

హెడ్మాస్టరు నా వైపు చూడలేదు. "ఆవరణల ఉన్నోళ్లందరికి హాజరు ఏస్తున్న. ఇంకేం జేయాలె?"

పైపులు పీకి ఇంకో పంపుకు వేస్తే బిందెలు అక్కడికి పోతాయి. వాటి వెంట పిల్లలూ పోతారు. వాషర్లు మార్చి వచ్చేశాను.

నీళ్లు పడతాయా లేదా అని చూశాను గానీ, ఎంతసేపటికి ఊరతాయి, అంతసేపు ఎవరు నిలబడతారు అని అడగలేదు. ఆ తర్వాత ప్రతి బోరు దగ్గరా ఊట వేగం కొలిచి రాసుకున్నాను. ఆ కొలతల వల్ల ఏ పిల్లా వరుస వదిలి తరగతిలోకి వెళ్లలేదు.

ఏప్రిల్ పరీక్షకు ఆ బడి నుంచి పేర్లు పంపిన ఆడపిల్లలు సైదమ్మతో కలిపి ఐదుగురు. మార్చి నెల రిజిస్టరులో ఐదుగురికీ పూర్తి హాజరు. పరీక్ష రాసినవారు సున్నా.