పీర్ల కొట్టం అరుగు మీద సర్కారు గంజి

ఆ ఏడు వాన మా నాగర్‌కర్నూల్ తాలూకా దారి పూర్తిగా మర్చిపోయింది. ఆకాశం వైపు చూసీ చూసీ ఊళ్లో మెడలన్నీ వెనక్కి వంగిపోయాయి. ఎదురొచ్చే మనిషిని గడ్డాన్ని బట్టి గుర్తుపట్టాల్సి వచ్చేది. మా గరిసెలో జొన్నలు అడుగంటాక ఎలుకలు మూటలు కట్టుకొని, పిల్లాజెల్లాతో కృష్ణ దాటి గద్వాల వైపు వలసపోవడం నేను కళ్లారా చూశాను. నమ్మనివాళ్లు ఎలుకలను అడగొచ్చు.

నమ్మాల్సిన సంగతి ఒకటుంది. రెండేళ్ల మా తమ్ముడు ఏడవడం మానేశాడు. నడక నేర్చినవాడు కూర్చోవడం కూడా మరిచాడు. ముఖం మీద ఈగ వాలినా చెయ్యి ఎత్తేవాడు కాదు. వాణ్ని చంకనేసుకొని తిరగడం నా పని. గాలికి ఎగిరిపోతాడేమోనని వాడి మొలతాడుకు నా జడ ముడివేసేదాన్ని.

అప్పుడు సర్కారు పసిపిల్లలకు గంజి పోయించడం మొదలుపెట్టింది. చావడి ముందు పొయ్యి, దాని మీద గుండిగ. ఆ గుండిగలో పడ్డ గరిటె కోసం మనిషిని దింపితే వాడు మరునాడు అవతలి ఒడ్డున తేలాడని చెప్పుకునేవారు. పిల్లలు అక్కడే కూర్చొని తాగాలి, ఇంటికి పట్టుకుపోకూడదు. పట్టుకుపోతే దారిలో పెద్దల నోళ్లు అడ్డం పడతాయని సర్కారు భయం.

కూలిపనుల ఇళ్ల పిల్లలు వచ్చారు. పొలాలున్న ఇళ్ల నుంచి ఒక్కరూ రాలేదు. పొలం ఎండిందని ఒప్పుకోవచ్చు గాని, పొయ్యి ఆరిందని ఎలా ఒప్పుకుంటారు? మా నాయన తల్లి, మా అవ్వ, మధ్యాహ్నం కాగానే ఉత్త కుండలో గరిటె తిప్పి చప్పుడు చేసేది, పక్కింటికి వినబడాలని. పక్కింటి నుంచీ అదే చప్పుడు వచ్చేది.

గంజి పని చూసుకునే సర్కారు మనిషి గిర్దావర్. ముందు ఆయన మీసాలు ఊళ్లోకి వచ్చేవి, ఆ తర్వాత ఆయన గుర్రం వచ్చేది. ఒకరోజు మా ఇంటికే వచ్చాడు.

“అవ్వా, పిల్లగాన్ని జర పంపు.”

“ఎందుకు సాబూ? మా గరిసె నిండ జొన్నలున్నయి. మేం పెట్టుకుంటలేమా?”

“ఉన్నయి లే, ఎవరు కాదన్నరు? గంజి తాగితే నీ జొన్నలు తక్కువైతయా?”

“మా ఇంటి పిల్లగాడు బజార్ల బంతి మీద కూసుంటే ఊరు నవ్వదా? చెంబుల పోసి పంపు.”

“పంపితే నా నౌకరి పోతదవ్వా.”

“గట్లయితే నీ నౌకరి నువ్వు కాపాడుకో, నా ఇజ్జత్ నేను కాపాడుకుంట.”

తలుపు చాటు నుంచి మా అమ్మ, “అత్తమ్మా, ఒక్కపారి...” అంది. అవ్వ వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపుకు పాన్‌గల్ గుట్ట మీది కోతులు కూడా చేతులు కట్టుకొని నిల్చునేవి.

గిర్దావర్ పట్టుబట్టలేదు. తమ్ముడి చెంప మీది ఈగను తోలి బయటికి నడిచాడు. వాణ్ని ఎత్తుకొని నేనూ వెంట నడిచాను. పీర్ల కొట్టం దగ్గర ఆయన ఆగాడు. మొహర్రం నాడు పీర్లను నిలిపే ఇల్లు అది. మిగతా ఏడాది దాని అరుగు మీద మేకలు పడుకునేవి.

“బిడ్డా, పీర్ల పండుగకు మీ అవ్వ ఈడికి వస్తదా?”

“రాకేంది సాబూ! అందరికన్న ముందుగాల ఉరుకుతది. ఊరోళ్లంత ఈ అరుగు మీదనే కూసోని మలీద తింటరు.” మలీద అంటే రొట్టె, బెల్లం కలిపి దంచింది.

“అందరు కలిసేనా?”

“పీర్ల కాడ ఇంకెట్ల తింటరు?”

ఆయన మీసం దువ్వుకున్నాడు. మర్నాటికి గుండిగ ఆ అరుగు ముందుకు చేరింది. కొట్టం చూసుకునే ముజావర్ తాత అలవాటు కొద్దీ ఊదు వేశాడు. గిర్దావర్ మాత్రం ఇది సర్కారు గంజేనని డప్పు కొట్టించాడు. డప్పు ఎవరికీ వినబడలేదు. ఊదు వాసన మాత్రం అన్ని ఇళ్లకూ అందింది.

అవ్వ పెట్టెలోని మంచి చీర కట్టుకొని, తమ్ముణ్ని నా చంకలోంచి లాక్కొని బయలుదేరింది. దారిలో పక్కింటి ముసలమ్మ, ఆమె చంకలో మనవడు.

“యాడికి వదినా?”

“పీర్ల కాడికి. నువ్వు?”

“నేను గూడ గాడికే.”

కుండల చప్పుళ్ల ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

“నీ గంజికి రాలే సాబూ,” అంది అవ్వ అరుగెక్కుతూ. “పీర్లకు మొక్కుంటే వచ్చిన.”

“నా గంజి ఎవరిక్కావాలవ్వా? జర జరుగు, పిల్లగానికి పోయనియ్యి.”

మా చేలో కలుపు తీసే ఆమె తన బిడ్డను ఒళ్లోకి లాక్కొని చోటిచ్చింది: “ఈడ నీడున్నదమ్మా, కూసో.” అవ్వ కూర్చుంది.

మొదట్లో తమ్ముడి నోట్లో పోసిన గంజి సగం పెదవుల పక్క నుంచే జారిపోయేది. అవ్వ దాన్ని వేలితో తీసి మళ్లీ పెట్టేది. తర్వాత గుటక పడింది. తర్వాత చెయ్యి లేచింది. ఒకరోజు గిన్నె ఖాళీ అయింది. వంటమనిషి గరిటెతో పక్క పిల్ల వైపు జరిగాడు. తమ్ముడు ఆ గరిటెను చూశాడు, ఖాళీ గిన్నెను చూశాడు, నోరు తెరిచాడు.

ఎన్నాళ్ల బాకీయో, అంతా ఒక్కసారే ఏడ్చాడు! గిర్దావర్ గుర్రం పలుపు తెంపుకుంది. గద్వాలలో మా ఎలుకలు ఉలిక్కిపడి తిరుగు ప్రయాణానికి మూటలు సర్దుకున్నాయి. మా అమ్మ ఇంట్లోంచి జుట్టు విరబోసుకొని పరుగెత్తుకొచ్చింది.

అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంటూ, “ఏడు బిడ్డా, ఇంక గట్టిగ ఏడు,” అంది. మరుక్షణమే వంటమనిషి మీదికి లేచింది.

“ఏందట్ల సూస్తున్నవ్? సర్కారు గంజే గద, ఇంకింత పొయ్యి!”