ఎర్ర తొట్టె ముందు ఒంటి తుమ్ము

మా చిన్నప్పుడు... హనుమకొండ నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కబోతుంటే మా నాయనమ్మ తుమ్మింది. ఆ తుమ్ము నిజంగా వచ్చిందా, తెచ్చుకుందా? ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు...

ఎనభైల్లో ఒక ఎండాకాలం సెలవులు. రఘునాథపల్లి నుంచి నాన్న, నాయనమ్మ, నేను బస్సులో వచ్చాం. అమ్మ పసివాడైన తమ్ముడితో ఇంట్లోనే ఉండిపోయింది. బడి తెరిచేలోపు జెయింట్ వీల్ ఎక్కిస్తానని నాన్న మాటిచ్చాడు. సెలవులంతా నాకు అదే ధ్యాస.

లైను మిర్చి బజ్జీల బండి దగ్గర మొదలై, వెదురు బొంగుల మధ్య మెలికలు తిరిగి, జనరేటర్ పొగలోంచి సాగింది. ఎండ దిగింది, బల్బులు వెలిగాయి... మేము మాత్రం కదిలీ కదలనట్టే ఉన్నాం. కాళ్ళు గుంజుతున్నా బయటికి రాలేం. వస్తే చోటు పోతుంది.

మా వెనక నస్రీన్ అని నా ఈడు పిల్ల, వాళ్ళ అబ్బాతో. రుమాల్లోని పుట్నాలు సగం నా దోసిట్లో పోసింది.

"పైకి పోయినంక కండ్లు మూసుకుంటవా?" అని అడిగింది.

"నేనెందుకు మూసుకుంట!"

"నేనైతే మూసుకుంట. అబ్బాకు చెప్పకు," అని కిసుక్కున నవ్వింది.

నాయనమ్మ మా మాటలు వినడం లేదు. తలెత్తి చక్రాన్నే చూస్తోంది.

"ఆ ఎర్ర తొట్టె కిందికొచ్చినప్పుడల్లా కిర్రుమంటాందిరా," అంది నాన్నతో.

"ఇనుమన్నంక సప్పుడు చెయ్యదా అవ్వా? నీ మోకాళ్ళు చేస్తలేవా?"

నాన్న బడిపంతులు. శకునాలూ అనుమానాలూ ఆయనకు పడవు. నస్రీన్ వాళ్ళ అబ్బా కూడా నవ్వాడు. నాయనమ్మ నవ్వలేదు. అంతవరకూ నా చెవికి తగలని ఆ చప్పుడు, ఇక ఆగకుండా వినపడసాగింది... కిర్రు... కిర్రు...

చివరికి మా వంతు వచ్చింది. చక్రం మెల్లగా ఆగింది. మా ముందు నిలిచింది ఎర్ర తొట్టే. నేను కాలెత్తాను.

నాయనమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తుమ్మింది. ఒక్కటే తుమ్ము.

నా కాలు గాల్లోనే ఆగింది. శకునాలను వెక్కిరించే నాన్న కాలూ ఆగింది. ఒంటి తుమ్ము మరి... కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి గానీ కదలకూడదు.

"ఇంకొక్కటి తుమ్మరాదే అవ్వా! జోడైతది, ఎక్కుతం," నాన్న బతిమాలాడు.

"వస్తే తుమ్మనా? జర కూసుండుండ్రి."

"ఎక్కుతరా, లేదా?" చక్రం తిప్పేవాడు అరిచాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్," అన్నాడు నస్రీన్ వాళ్ళ అబ్బా. "మా దాంట్ల తుమ్మొస్తే అల్లాకు షుక్రియా చెప్తం. మీరు నీళ్ళు తాగి రాండ్రి, మేం ఎక్కుతం." నస్రీన్‌ను ఎత్తి ఎర్ర తొట్టెలో కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చున్నాడు.

నా తొట్టె పోయిందని నేను ఏడుపు అందుకున్నాను. నాయనమ్మ ఏదో అనబోయినట్టు నోరు తెరిచింది... మళ్ళీ మూసుకుంది.

చక్రం తిరిగింది. మొదటి చుట్టులో నస్రీన్ నాకు చెయ్యి ఊపింది. కళ్ళు తెరిచే ఉంది. ఆ తర్వాత ఠక్కున ఏదో విరిగిన చప్పుడు... చక్రం ఆగిపోయింది. పైన ఎర్ర తొట్టె ఒక పక్కకు ఒరిగి వేలాడుతోంది. కేకలు... నాన్న అటు పరిగెత్తాడు.

"సూడకు బిడ్డా," అంటూ నాయనమ్మ నా ముఖాన్ని కడుపుకు అదుముకుంది. 

జనాన్ని దగ్గరికి రానివ్వడం లేదంటూ నాన్న తిరిగొచ్చాడు. బస్సెక్కి ఊరికి వచ్చేశాం. తర్వాత ఊళ్ళో ఒకరు అందరినీ క్షేమంగా దించారన్నారు. ఇంకొకరు ఒక పిల్లను దవాఖానకు తీసుకుపోయారన్నారు. నాన్న మళ్ళీ వెళ్ళి చూస్తే, మైదానంలో స్తంభాలు పాతిన గుంతలే మిగిలాయట.

మా నాయనమ్మ తుమ్మితే వాకిట్లో కోళ్ళు చెదిరిపోయేవి. ఆ రోజుది పిల్లి తుమ్ము...

కాలేజీలో చేరాక ఒకసారి అడిగేశాను. "తుమ్ము అడిగొస్తదా బిడ్డా?" అంటూ చాటలో రాళ్ళు ఏరుకుంటూనే ఉంది. ఇంకో రాయి తీసి పడేసి, తలెత్తకుండా, "ఆ పిల్ల పేరు నస్రీనే గదా?" అంది. ఆ పేరు అప్పటిదాకా మా ఇంట్లో ఎవరి నోటా నేను వినలేదు.

ఇప్పుడు మా పిల్లల్ని తీసుకెళ్ళే పార్కుల్లో లైనుకు నీడ ఉంది, తొట్టెకు బెల్టు ఉంది. వెనకున్న వాళ్ళ పేరు మాత్రం ఎవరూ అడగరు. ఎవరు తుమ్మినా ఎవరి కాలూ ఆగదు. నేను కింద నిలబడి చప్పుళ్ళు వింటుంటాను...

ఆ రోజు ఆ లైన్లో నిలబడ్డవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? నస్రీన్ కిందికి ఎలా దిగిందో చూశారా? చూసి ఉంటే చెప్పండి...

తుమ్ము నిజమైతే, అది మా అదృష్టం, అంతే. తెచ్చుకున్నదైతే, నాయనమ్మకు ఏదో తెలుసు... తెలిసీ మమ్మల్ని మాత్రమే వెనక్కి లాక్కుంది. ఏది నిజమో నేను తేల్చుకోలేకపోతున్నాను. ఏది నిజమైతే బాగుండునో, అదీ తేల్చుకోలేకపోతున్నాను.