మూలగదికి అడ్వాన్సు

మా కర్టెన్ల షాపులో ఆమెను అందరూ టేపక్క అంటారు. కొలతల టేపు మెడలో లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. ఒకసారి ఎక్స్‌రే తీసే మనిషి "మెడలో ఉన్నది తీసెయ్యండమ్మా" అంటే గొలుసు తీసి భర్త చేతికిచ్చి, టేపుతోనే వెళ్ళి నిలబడిందట. పదహారేళ్ళుగా ఆమె పక్క మిషను మీద కుడుతున్నాను కాబట్టి ఆమె గురించి చెప్పే హక్కు నాకుంది. ఆమె కుట్టు నా కుట్టు కంటే తిన్నగా వస్తుంది. అది చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంటే. ముందే ఒప్పేసుకుంటున్నాను. ఈ కథంతా ఒళ్ళుమంట గురించే కనక నేనొక్కదాన్నీ పెద్దమనిషిలా కూర్చుంటే బాగుండదు.

టేపక్క ఏ కిటికీనైనా మూడుసార్లు కొలుస్తుంది. మూడు లెక్కలూ ఒకటైతేనే కత్తెర పడుతుంది. "పొట్టి చెయ్యొచ్చు గానీ పొడుగు చెయ్యలేమే" అంటూ ప్రతి కర్టెన్ అడుగునా బెత్తెడు గుడ్డ మడతలో దాచి కుడుతుంది. బతుకూ అంతే. ఎనిమిదింటి బస్సుకి ఏడున్నరకే స్టాపులో ఉంటుంది. వాన పడేలా ఉంటే రెండు గొడుగులు తెస్తుంది, ఒకటి తెరుచుకోకపోతే ఇంకోటి ఉండాలని.

అలాంటి మనిషి కూడా ఒక్కసారి తప్పు చేసింది. తొమ్మిదేళ్ళ కిందట సముద్రం పక్కనున్న ఒక హోటల్‌కి నలభై కిటికీల ఆర్డరు వచ్చింది. వేలాడదీయడానికి ఆమే నేనూ వెళ్ళాం. పై అంతస్తు మూలగదిలో ఒక కర్టెన్ నేలకి నాలుగు వేళ్ళ పైనే ఆగిపోయింది. టేపక్క మొహం పాలిపోయింది. వెంటనే కింద కూర్చుని మడత విప్పి, దాచిన బెత్తెడు గుడ్డా వదిలి, చేత్తో మళ్ళీ కుట్టింది. పాత సూది గుర్తులు మాత్రం సన్నని గీతలా ఉండిపోయాయి. అది మా ఇద్దరికే తెలుసు.

పని అయ్యాక లేచి నిలబడితే ఎదురుగా కిటికీ నిండా సముద్రం. టేపక్క అలాగే ఉండిపోయింది. మేనేజరు తలుపు దగ్గరికి వచ్చి "అయిందా అమ్మా? గెస్టులు కింద కూర్చున్నారు" అనేదాకా కదల్లేదు. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఆమె ఒక చోట పని లేకుండా నిలబడటం నేను చూడలేదు.

ఆ ఆదివారం అత్తగారింట్లో అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు ఆ గది గురించి చెప్పిందట. రెండు వైపులా కిటికీలు, ఇంత పొడుగు బాల్కనీ, మంచం మీద నుంచే సముద్రం. చెప్పకుండా ఊరుకోవలసింది. ఎదురుగా తోడికోడలు కూర్చుని ఉంది.

తోడికోడలు మందుల షాపులో కౌంటర్ మీద పని చేస్తుంది. మనిషి చెడ్డదేం కాదు, నవ్వుతూ మాట్లాడుతుంది. మా టేపక్కకి ఆ నవ్వే పడదు. మరుసటి వేసవికి ఆవిడ సరిగ్గా ఆ మూలగదే తీసుకుంది. ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే. ఏడు నెలల ముందు, హోటల్ వాళ్ళు బుకింగులు తెరిచే ఒకటో తారీఖున, పొద్దున్నే ఫోన్ చేసి సగం అద్దె అడ్వాన్సు కట్టేస్తుంది. కట్టిన డబ్బు వెనక్కి రాదు. వెళ్ళినా వెళ్ళకపోయినా అది హోటల్ వాళ్ళదే.

వేసవి వచ్చిందంటే టేపక్క ఫోన్‌కి ఫొటో వస్తుంది. తోడికోడలూ, ఆవిడ మొగుడూ, వెనక సముద్రం, పక్కన కర్టెన్. టేపక్క మొహాలు చూడదు. రెండు వేళ్ళతో ఫొటోని సాగదీసి కర్టెన్ అడుగున ఆ గీత వెతుక్కుంటుంది. "చూడవే, నా కుట్టు" అని నాకు చూపిస్తుంది. ఆ తర్వాత షాపంతా వినపడేలా మొదలుపెడుతుంది.

"లిఫ్టు మూడో అంతస్తు దాకానే. ఆ పైన మెట్లన్నీ ఎక్కాలి. మధ్యాహ్నమైతే పడమటెండ మొహం మీదే కొడుతుంది. రాత్రంతా అలల హోరు, కన్ను మూతపడదు. పాపం, ఏం సుఖపడతారో ఏమో!"

ఆ పూట ఆమె మిషను మీద దారం కనీసం నాలుగుసార్లు తెగుతుంది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత ఊరికే పుట్టలేదు. మేం తలలు దించుకుని నవ్వుకునేవాళ్ళం.

"అంత మనసుంటే నువ్వూ ఒకసారి వెళ్ళిరాక్కా" అన్నాను ఒక ఏడు.

"ఏడు నెలల ముందే డబ్బు కట్టడమా? మడతకి గుడ్డ వదలకుండా కత్తిరించమంటావా?" అని నా మీద విరుచుకుపడింది.

కిందటి చలికాలం ఒకటో తారీఖున టేపక్క అన్నం డబ్బాతో పాటు బ్యాంకు కార్డు కూడా తెచ్చింది. పది గంటలకి లైనింగు గుడ్డ కావాలంటూ నన్ను స్టోరు రూములోకి తీసుకెళ్ళి, గుడ్డల చుట్టల మధ్య నిలబడి హోటల్‌కి ఫోన్ చేసింది. మేనేజరు ఆమెను గుర్తుపట్టాడు.

"మూలగదా? ఎప్పుడూ తీసుకునే ఆవిడ ఈసారి ఇంకా ఫోన్ చెయ్యలేదమ్మా. పాత పరిచయం కాబట్టి సాయంత్రం ఐదు దాకా మీకోసం ఆపుతాను. ఆ తర్వాత ఎవరు ముందు కడితే వాళ్ళదే."

ఫోన్ పెట్టేసి నా చెయ్యి పట్టుకుంది. "అది ఇంకా కట్టలేదటే" అంది. నగ దొరికిన దానిలా మెరిసిపోయింది మొహం.

మెరుపు అరగంట ఉంది. ఆ తర్వాత కొలతలు మొదలయ్యాయి. ముందు ఓనరు దగ్గరికి వెళ్ళి ఆ వారం సెలవు దొరుకుతుందా అని అడిగింది. ఆయన కళ్ళజోడు తీసి మరీ చూశాడు. "ఏడు నెలల తర్వాత సెలవా? అప్పటికి షాపుంటుందో నేనుంటానో! అప్పుడు చూద్దాంలే" అన్నాడు. తర్వాత ఇంటికి ఫోన్. బావగారు బస్సు డ్రైవరుగా చేసి చేసి మోకాలు అరగదీసుకున్నారు. ఆపరేషనుకి పేరు రాయించుకుని పిలుపు కోసం చూస్తున్నారు. అది ఏ నెలలో వస్తుందో ఎవరికీ తెలియదు.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస" అన్నారాయన. "సరిగ్గా ఆ వారమే కత్తి పెడతామంటే ఏం చేస్తావు? డబ్బు సముద్రంలో పోసినట్టేగా?"

అది అడ్వాన్సు మాత్రమే కాదు. ఆపరేషనుకని వెనకేసినదానిలోంచి తీయాలి. ఆ సంగతి ఆమె నాకు చెప్పలేదు, మొహం చెప్పింది. మూడున్నరకి ఒకే గుడ్డని మూడుసార్లు కొలిచి మూడు వేరువేరు లెక్కలు రాసింది. నాకు భయమేసింది.

"ఎందుకక్కా ఇంత అవస్థ? ఒకసారి మీ తోడికోడలికే ఫోన్ చేసి, ఈసారి వెళ్తున్నారా లేదా అని అడగరాదూ?" అన్నాను.

"పిచ్చిదానా! అడిగితే గుర్తు చేసినట్టు అవ్వదూ?"

ఆ మాటకి నాకు నవ్వు రాలేదు. "నిజం చెప్పక్కా. నీకు సముద్రం కావాలా, ఆవిడకి గది లేకుండా పోవాలా?" అన్నాను.

టేపక్క చాలాసేపు కత్తెర అంచు తుడిచింది. "రెండూ" అంది. "ఎనిమిది ఫొటోలు చూశానే. నేను చూపించిన గదిలో, నేను కుట్టిన కర్టెన్ పక్కన నిలబడి నాకే పంపుతుంది. ఒక్క ఏడాది నేను పంపాలి, అది చూడాలి. ఆ తర్వాత మోకాలు పోయినా, సెలవు పోయినా సరే."

ఐదుకి పది నిమిషాలుండగా కట్టేసింది. కార్డు నంబరు మూడుసార్లు చెప్పింది. అయ్యాక మా అందరికీ కింద కొట్టు నుంచి టీ తెప్పించింది. పదహారేళ్ళలో ఆమె డబ్బుతో మేం టీ తాగడం అదే మొదలు.

మర్నాడు భోజనాల వేళ డబ్బాలు తెరవకముందే ఫోన్ తీసి బల్ల మధ్యలో పెట్టింది. మమ్మల్ని చప్పుడు చెయ్యొద్దని సైగ చేసి, స్పీకరు నొక్కి, తోడికోడలికి ఫోన్ కలిపింది. మేం ఐదుగురం మెడలు చాపి కూర్చున్నాం. నాకూ సరదాగానే ఉంది, అబద్ధమెందుకు.

"ఏం లేదే, ఈ వేసవికి మేం కూడా అలా సముద్రం దాకా వెళ్ళొద్దామని" అంది టేపక్క, తేనె పూసిన గొంతుతో. "నిన్న అడ్వాన్సు కట్టేశాను."

"మంచి పని చేశావక్కా! ఎన్నాళ్ళుగానో చెప్తూనే ఉన్నాను. మేం ఈసారి వెళ్ళట్లేదు. ఆయన ఫ్యాక్టరీలో షిఫ్టులు తగ్గించేశారు. ఇల్లు గడవడమే కష్టంగా ఉంది." ఆ వెంటనే అడిగింది. "ఏ గది దొరికింది?"

"మూలగది."

"పై అంతస్తుదా?"

"అదే."

ఫోన్లోంచి ఏమీ వినపడలేదు. తెగిందేమో అని నేను ముందుకి వంగి చూశాను. తెగలేదు. కాసేపటికి గొంతు వచ్చింది, నవ్వు లేకుండా.

"లిఫ్టు మూడో అంతస్తు దాకానే అక్కా. బావగారు ఆ మోకాలితో అన్ని మెట్లు ఎలా ఎక్కుతారు? మధ్యాహ్నమైతే ఎండ మొహం మీదే కొడుతుంది. రాత్రంతా అలల హోరు. నిద్ర పట్టదు. పాపం, డబ్బు ముందే కట్టేశావు కూడానూ."

మాలో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను టేపక్కనే చూస్తున్నాను. అన్నీ మూడుసార్లు కొలిచిన మనిషి, ఎనిమిదేళ్ళుగా తన నోటితోనే చెప్తున్న మెట్లని మాత్రం మరిచిపోయింది. కానీ ఆమె మొహం పాలిపోయింది మెట్లకి కాదు. తొమ్మిదేళ్ళ కిందట ఆ పొట్టి కర్టెన్‌ని చూసినప్పుడు ఎలా అయిందో అలా అయింది.

చెయ్యి చాపి స్పీకరు ఆపేసింది. ఫోన్ చెవికి పెట్టుకుని లేచి మెట్ల మీదకి వెళ్ళిపోయింది. మేం అన్నం తిని డబ్బాలు కడుక్కుని మిషన్ల ముందు కూర్చున్న తర్వాత గానీ లోపలికి రాలేదు.

"ఏమందక్కా?" అన్నాను.

"ఏమంటుంది? ఆ గదిలో ఇంకో రెండు మంచాలు వేస్తారేమో అడుగుతాను, మీరూ రండి అన్నాను. నీ గదికి మేమెందుకులే అంది. ఆలోచించుకో, ఏడు నెలలుంది అన్నాను."

"మరి బావగారు మెట్లు?"

"ఆగి ఆగి ఎక్కుతారు. మరిది ఉంటే చెయ్యి పట్టుకుంటాడు."

సూదిలో దారం ఎక్కించబోయి ఎక్కించలేకపోయింది. నా వైపు తిరగకుండానే అడిగింది.

"ఏమే, ఇన్నేళ్ళూ నా మాటలు కూడా ఇలాగే వినపడేవా?"

లేదక్కా అనాలి. పదహారేళ్ళ స్నేహం. నేను ఆమె చేతిలోంచి సూది తీసుకుని దారం ఎక్కించి ఇచ్చాను.

"నీ గొంతు ఇంకొంచెం పెద్దదక్కా" అన్నాను.