మామ్మ వీపులో రాట్నం

ఇన్‌హేలర్ నోట్లో పెట్టుకున్నప్పుడల్లా పొందూరులో మా మామ్మ గుర్తొస్తుంది. ఆవిడ సన్నని పళ్లున్న వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతుంటే నూగు ఇల్లంతా ఎగిరేది.

ఒక మధ్యాహ్నం దగ్గి దగ్గి సోలిపోయిన ఆవిడ వీపుకి చెవి ఆనించాను. రాట్నం మూలన కదలకుండా ఉంది, కానీ లోపల ఇంకో రాట్నం కీచుకీచుమంటూ తిరుగుతోంది. పీల్చిన నూగునంతా అక్కడెవరో వడుకుతున్నారనుకున్నాను.

“మామ్మా, లోపల నూలు తెగిపోతే ఏటవుద్ది?”

“ఏటీ అవదే పిల్లా, మళ్లీ అతికేత్తాను గదా,” అంది ఆయాసపడుతూ.

ఆ చప్పుడు ఆగితే మామ్మ కూడా ఆగిపోతుందన్న భయంతో పొద్దుగూకేదాకా ఆ వీపు వదల్లేదు.

అది ఉబ్బసమని పెద్దయ్యాక తెలిసింది. నిన్న నా కూతురు నా వీపుకి చెవి ఆనించింది. నా లోపలి రాట్నం వినపడకూడదని ఊపిరి బిగబట్టాను. పిల్ల నన్ను ఇంకా గట్టిగా పట్టుకుంది.