పెసలు మొలవని చిప్ప

నా చిన్నప్పుడు పక్కింటి మామ్మగారి తోటకూర మడి ఎందుకు పాడైపోయిందో నాకు తెలుసు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మాది కొత్తపేట దగ్గర ఊరు. వరిచేలో తుంగ పెరిగిందని నాన్న గడ్డి మందు కొట్టి, డబ్బా కడుక్కురమ్మని నన్ను పంపారు. కడిగిన నీళ్ళు మందు కొట్టిన చేలోనే పారబోయాలని, మళ్ళకు నీళ్ళు పారే బోదెలో కలపకూడదని మరీ మరీ చెప్పారు. చేనుదాకా నడవడానికి బద్ధకించి, మా దొడ్డి వెనక బోదెలోనే డబ్బా ముంచాను. ఆ నీళ్ళే మామ్మగారి మడికి పారేవి.

వారం తిరిగేసరికి తోటకూర కాడలు మెలికలు తిరిగిపోయాయి. ఆ కూర అమ్ముకుని ఆవిడ ఇల్లు గడుపుకునేవారు. "పొయ్యిలో బూడిదంతా తెచ్చి కుమ్మరించేవు, మాడక ఏమౌద్దే!" అని ఆవిడ కొడుకు వీధిలో నిలబడి ఎగతాళి చేశాడు. మామ్మగారు రెండు కొబ్బరి చిప్పలు తెచ్చారు. ఒకదాంట్లో మడి మట్టి నింపారు. రెండోదాంట్లో పనసచెట్టు కింది మట్టి వేసి, గుప్పెడు బూడిద కలిపారు. రెంటిలోనూ పెసలు నాటి మా అరుగు మీద పెట్టి, "రోజూ కాసిని నీళ్ళు చిలకరించు బాబూ. మట్టి ఏం చెప్పుద్ది? గింజనడగాలి" అన్నారు.

బూడిద కలిపిన మట్టిలో పెసలు రెండాకులు విప్పుకుని నిలబడ్డాయి. మడి మట్టిలో మొలకలు వంకరపోయి ఒరిగిపోయాయి. "బూడిద కాదురా, బోదె నీళ్ళల్లో వచ్చింది" అని కొడుక్కి చూపించి, నావైపు ఒకసారి చూశారు. నేను తల ఎత్తలేదు. ఆ ఏడు ఆవిడ మడి వదిలేసి కూలికి వెళ్ళారు.

అంత చూసినా నాకు బుద్ధి రాలేదు. తోట నా చేతికి వచ్చాక, గడ్డి కోసేవాళ్ళు దొరకడం లేదని కొబ్బరిచెట్ల కింద ఏటా మందే కొట్టించాను. కంద వేస్తే దుంప ఊరలేదు. పార వేస్తే ఒక్క వానపామూ బయటపడలేదు. మొన్న ఆ చిప్పలు గుర్తొచ్చి, నాలుగు మూలల మట్టీ తెచ్చి పెసలు నాటాను. కొన్ని మొలవనే లేదు. మొలిచినవి అలాగే మెలికపడ్డాయి. మందు మానేసి, నేలకు బలమని జనుము చల్లాను. అదీ పలచగానే లేచింది. నేనుండగా ఈ నేల కోలుకుంటుందన్న ఆశ నాకు లేదు.

ఒక చిప్ప పట్టుకుని మామ్మగారి దగ్గరికి వెళ్ళాను. మంచం మీద ఉన్నారు, చూపు ఆనడం లేదు. చిప్ప చేతిలో పెడితే, వంకర మొలకను వేళ్ళతో తడిమి చూశారు.

"మళ్ళీ బోదెలో కడిగేవా బాబూ?" అన్నారు.

"అప్పుడూ నేనేనండి, ఇప్పుడూ నేనేనండి" అన్నాను. "ఆవేళే చెప్పాల్సింది. తప్పయిపోయింది మామ్మగారూ, క్షమించండి."