ఇసుక గోదారి

పోయిన శుక్రవారం సాయంత్రం ఈ అరబ్బు దేశపు రేవు పట్నం యాన్బులో కూరగాయల కొట్టులో గోంగూర కట్టలు తిరగేస్తుంటే, "బాగున్నరా మిస్?" అంటూ నాకన్నా జానెడు పొడుగున్న అమ్మాయి ఎదురొచ్చింది. నేను ఆనవాలు పట్టేలోపే తన పన్నెండో తరగతి పరీక్షలు, తమ్ముడి అల్లరి, ఊళ్లో అమ్మమ్మ మోకాళ్ల నొప్పి అన్నీ ఏకబిగిన చెప్పేసింది. వెనకాల ట్రాలీ పట్టుకుని నిలబడ్డ వాళ్ల నాన్న, "ఈమె నోరు మూపిచ్చే ట్రైనింగేమన్న ఉన్నదా మేడం?" అన్నాడు. నవ్వాను గానీ, ఆ నోటి నుంచి ఒక్క మాట రప్పించడానికి ఒకప్పుడు నేను పడ్డ పాట్లు గుర్తొచ్చి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

అప్పటికి నాకు ముప్పై దాటాయి. మా ఆయన రిఫైనరీ డ్యూటీకి వెళ్లాక గోడలు చూస్తూ కూర్చోలేక, దూరవిద్యలో టీచరు ట్రైనింగుకు కట్టాను. పాఠాలు చెప్పే అభ్యాసం కోసం ఇక్కడి ఇండియన్ స్కూల్లో మూడో తరగతి ఇచ్చారు. పిల్లలు మలయాళం, తమిళం, హైదరాబాదీ ఉర్దూ కలగలిపి గోల చేసేవారు. ఆ గోల మధ్యలో కిటికీ పక్కన ఈ పిల్ల, పెదవులు బిగించి కూర్చునేది. ధర్మపురి దగ్గరి ఊరట. తల్లీ తమ్ముడూ ముందే వచ్చేశారు, ఈమె మాత్రం అమ్మమ్మ దగ్గర ఉండిపోయి, కొత్తగా వచ్చింది. నేను తెలుగులో పలకరిస్తే ఇంకా వింతగా చూసేది. ఎందుకని వాళ్ల నాన్నను అడిగితే, మొహమాటపడుతూ, "మీరు టీవీల వార్తలు సదివినట్టు మాట్లాడుతరంట మేడం" అన్నాడు. మా కోనసీమ తెలుగుకు అంతటి గౌరవం దక్కడం అదే మొదటిసారి.

అయితే సంగతి నవ్వులతో పోయేది కాదు. పిల్ల ఇలాగే ఉంటే కింది తరగతిలో వేస్తామని మా మలయాళీ హెడ్‌మిస్ట్రెస్ చెప్పేసింది. "గట్లయితే మల్ల అమ్మమ్మ తానకే తోలిస్త" అన్నాడు తండ్రి, గేటు దగ్గర. పక్కనే ఉన్న తల్లి కూతురి చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆ వారంలోనే నా పాఠం చూడటానికి హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. పాఠం నదుల గురించి. ఆవిడకు నచ్చకపోతే నా ట్రైనింగు అక్కడితో సరి. మా పిల్లల్లో చాలామంది ఈ ఊళ్లోనే పుట్టినవాళ్లు. సముద్రపు నీళ్లను మంచినీళ్లుగా మార్చే ప్లాంటు తెలుసు, ట్యాంకరు తెలుసు. "నదిని రోజూ ఎవరు నింపుతారు మిస్?" అని ఒకడు నిజంగానే అడిగాడు. మాటలతో లాభం లేదనుకుని, చలికాలపు ఎండలో అందరినీ బయటికి తీసుకెళ్లాను. చిన్నపిల్లలు ఆడుకునే సిమెంటు తొట్టిలో ఇసుకను కొండలా పోగేసి, వంకరటింకరగా కాలువ గీసి, పైనుంచి బకెట్ నీళ్లు పోశాను. మా గోదావరిలా పరవళ్లు తొక్కుతుందనుకున్నాను. చుక్క కూడా మిగలకుండా ఇంకిపోయింది. ఇంకో బకెట్ పోశాను. అదీ అంతే. హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలో కదలకుండా చూస్తోంది. ఇందాకటివాడు జాలిగా, "మీ నది చచ్చిపోయింది మిస్" అన్నాడు.

"సచ్చిపోలే. కిందున్నది."

ఎవరన్నారా అని అందరం అటూ ఇటూ చూశాం. ఆ పిల్ల అప్పటికే తొట్టిలో మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా ఇసుక తోడుతోంది. మోచేతి లోతు గుంటయ్యాక అడుగున తడి మెరిసింది. చూస్తుండగానే నీళ్లు ఊరాయి. ముందు బురదగా, కాసేపటికి తేటగా. పిల్లలు తొట్టి మీద పడి కేకలు పెట్టారు.

"మా గోదారి గిట్లనే ఉంటది. ఎండకాలమంత ఇసుకనే. మా అమ్మమ్మ చెలిమె తవ్వి బిందె నింపుతది" అంది.

"గోదావరంటే అవతలి గట్టు కంటికి ఆనని నీళ్లు కదమ్మా?" అన్నాను, నాకు తెలియకుండానే.

ఆ పిల్ల నన్ను పరీక్షగా చూసి, "మీది వేరే గోదారా మిస్?" అని అడిగింది.

హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలోంచి లేచి వచ్చి, చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని గుంటలోకి వంగింది. ఇలా ఊరిన నీళ్లు తాగొచ్చా అని హిందీలో అడిగింది. "తియ్యగుంటయి" అంది పిల్ల తెలుగులోనే, అది కూడా తెలియదా అన్నట్టు. నేను అనువాదం చేయబోతే ఆవిడ అర్థమైందన్నట్టు చెయ్యెత్తి ఆపింది. ఆ తర్వాత పిల్లలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. ఆ పిల్ల సగం తెలుగులో, సగం చేతులతో జవాబులు చెప్పింది. నా పాఠం గట్టెక్కింది. కింది తరగతి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నం గేటు దగ్గర చెబితే, "నిజంగనా మేడం? మాట్లాడిందా?" అని తండ్రి రెండుసార్లు అడిగాడు. తల్లి మాత్రం పిల్ల గోళ్లలో ఇరుక్కున్న ఇసుకను చున్నీ అంచుతో తుడుస్తూ, ఏం మాట్లాడావని మెల్లగా దాన్నే అడుగుతోంది.

ఆ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు రాజమండ్రి వంతెన మీద రైలు కిటికీకి అతుక్కుని, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూస్తున్న నదిని, ఎగువన ఇదే ఇసుక కింద దాగి ఉంటుందని తలుచుకుంటూ కొత్తగా చూశాను. ఏరైనా మనిషైనా మనకు కనబడేది మారే కాలాల్లో ఏదో ఒక్కటే. మిగతావి ఎలా ఉంటాయో, ఆ కాలంలో అక్కడున్నవాళ్లు చెబితే వినాల్సిందే.